కరెంటు పోతే ఎంతసేపు ఉంటది

మొన్న ఎండాకాలంలో నా లాప్‌టాప్ పాడైతే కొత్తది చూద్దామని వనపర్తి వెళ్లాను. దుకాణాయన బల్ల మీద రెండు తెరిచిపెట్టి, దేంట్లో ఏమున్నదో గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. నేను వింటూ వింటూనే ఒకదాన్ని ఎత్తుకుని గడప దాకా నడిచాను. రోడ్డు మీది ఎండ తెర మీద పడేలా పట్టుకుని నిలబడ్డాను. అలా చెయ్యాలని ముందుగా అనుకోలేదు, చేతులకు అలవాటైపోయింది. వెనక దుకాణాయన మాట ఆగిపోయింది.

“మీరు ఆ సార్ తోని వచ్చేటోళ్లు గదా మేడం,” అన్నాడు.

అవునన్నాను. సార్ పోయిన సంగతి తనకు ఆలస్యంగా తెలిసిందనీ, ముందే తెలిస్తే ఆఖరి చూపుకు పోయేవాణ్ననీ అన్నాడు. ఆయన మెట్లెక్కుతుంటే తన గుండె దడదడలాడేదనీ, ఇప్పుడు వచ్చేవాళ్లంతా పెట్టె మీది బొమ్మ చూసి కొనుక్కుపోతున్నారనీ చెప్పాడు. నాకు ఆ రోజు ఏదీ కొనబుద్ధి కాలేదు. రెండూ బల్ల మీదే వదిలి వచ్చేశాను.

సార్ మా బడిలో తెలుగు పండితుడు. పెబ్బేరుకు దగ్గరి ఊళ్లో హైస్కూలు మాది. నేను లెక్కలు చెప్పేదాన్ని. ఆయన రోజూ వనపర్తి నుంచి బస్సులో వచ్చేవాడు. పొడుగు మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మెడ ఇంకొంచెం వంచి, వింటున్నట్టుగా పెట్టేవాడు. నిజంగా వింటున్నాడో, తన ఆలోచనలో తానున్నాడో చెప్పడం కష్టం.

ఏదైనా రెండు పక్కపక్కన పెట్టి చూడటం ఆయనకు పిచ్చి. తరగతిలో ఒకే సంగతి మీద ఇద్దరు పిల్లలు రాసిన రెండు వాక్యాలు బోర్డు మీద రాసి, ఏది మేలు, ఎందుకు మేలు అని పీరియడంతా నడిపించేవాడు. మధ్యాహ్నం మా టిఫిన్ డబ్బాలు తెరిస్తే ఇద్దరి పప్పుల్లోనూ వేలు ముంచి రుచి చూసి తీర్పు చెప్పేవాడు. “విడివిడిగ చూస్తే రెండూ బాగనే ఉంటయి మేడం. పక్కపక్కన పెట్టాలె. అప్పుడు గుట్టు బయటవడ్తది,” అనేవాడు.

పాఠాలు తెలుగులో టైపు చేసుకుందామని ఎవరో చెప్పిన మాట మీద ఆయన మొదట ఒక లాప్‌టాప్ కొన్నాడట. వానాకాలం రాకముందే దాని మడతబందు విరిగి, మూతకు వెనకాల ఇటుక ఆనించి పనిచేసుకోవాల్సి వచ్చింది. ఆ ఇటుక బడిలో కూడా ఉండేది, స్టాఫ్ రూములో ఆయన బల్ల కింద. ఆ దెబ్బతో ఆయనకు పంతం వచ్చింది. ఏ యంత్రం ఎలా కట్టారో, దేనికెందుకు ఆ ధరో రాత్రింబగళ్లు చదివాడు. ఇంకేం, పిల్లకో పిల్లాడికో లాప్‌టాప్ కొనాలనుకున్న వాళ్లంతా ఆయన దగ్గరికే రావడం మొదలైంది. అయిజ నుంచి వచ్చేవాళ్లు, రాజోలి నుంచి వచ్చేవాళ్లు. కొనేది మీరు, పరేషాన్ అయ్యేది నేను అని విసుక్కుంటూ, ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు బస్టాండులో నిలబడి ఉండేవాడు.

ఒక్క దుకాణంతో ఆయనకు తృప్తి ఉండేది కాదు. వనపర్తిలో చూసినదాన్ని గద్వాలలో, గద్వాలలో చూసినదాన్ని నాగర్‌కర్నూలులో మళ్లీ చూడాల్సిందే. మా ఇంట్లోకి, మా చెల్లెలి ఇంట్లోకి, మా ఆడపడుచు కొడుక్కి కొన్నప్పుడు ఆయనతో తిరిగాను. ఆ తర్వాత పని లేకపోయినా తిరిగాను. చూడటానికి అంత బాగుండేది.

మూతను ఒక్క వేలితో ఎత్తేవాడు. మూతతో పాటు అడుగు కూడా లేచిందంటే పెదవి విరిచేవాడు. ఒక మూల పట్టుకుని గాలిలోకి ఎత్తి, కిర్రుమంటుందా లేదా అని చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఎండలోకి తీసుకుపోయి తెరలో అక్షరం కనబడుతుందా, తన ముఖమే కనబడుతుందా అని చూసేవాడు. కీబోర్డు మీద ఎప్పుడూ ఒకే మాట కొట్టేవాడు, ‘స్వాతంత్ర్యం’ అని. ఆ మాట పదిసార్లు కొట్టి వేళ్లు అలసిపోకపోతే మంచి కీబోర్డు అని ఆయన లెక్క. మెమరీ గురించి దుకాణంవాళ్లను ఆయన అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: “అతికిచ్చిండ్రా, పెట్టిండ్రా?” అతికించినదైతే రేపు పెంచుకోవడానికి వీలుండదు, పెట్టినదైతే ఉంటుంది. మొదట్లో ఆ ప్రశ్న ఎవరికీ అర్థమయ్యేది కాదు. పోగాపోగా ఆయన గడపలో కనబడగానే లోపలి నుంచే “పెట్టిందే సార్” అని చెప్పడం నేర్చుకున్నారు.

అందాన్ని తీసిపారేసేవాడు కాదు. రోజూ ముందర పెట్టుకునేదాన్ని చూడబుద్ధి కావాలి కదా అనేవాడు. రంగు బాగుంటే బాగుందనేవాడు, అంచు నునుపుగా ఉంటే నిమిరేవాడు. ధర మాట వస్తే మాత్రం, “అగ్గువకు దొరికింది అగ్గువ గాదు. నాలుగేండ్లు గుర్రుమనకుండ పనిచేసింది అగ్గువ,” అనేవాడు.

ఒకసారి గద్వాలలో రెండు లాప్‌టాప్‌ల మీదా ఒకే వీడియో పెట్టించి, మేము అన్నం తిని వచ్చేదాకా ఆపొద్దని చెప్పి బయటికి తీసుకుపోయాడు. తిరిగొచ్చాక రెండింటి కిందా చెరో అరచెయ్యి పెట్టి, జ్వరం చూసే డాక్టరులా కళ్లు మూసుకున్నాడు. దుకాణాయన కూడా చేతులు పెట్టి చూసి తనకేం తేడా తెలియడం లేదన్నాడు. తొడ మీద పెట్టుకుని కూర్చుంటే తెలుస్తుందని సార్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. కాసేపటికి దుకాణాయన ఒకదాన్ని తీసి గబుక్కున బల్ల మీద పెట్టేశాడు. అక్కడున్న అందరం నవ్వాం. సార్ నవ్వలేదు. గెలిచినవాడు నవ్వకూడదన్నట్టు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అన్నీ చూశాక బయటికి పోయి ఒక్కడే చాయ్ తాగేవాడు. అప్పుడు ఎవరూ పలకరించకూడదు. గ్లాసు పెట్టేసి లోపలికొచ్చి రెండింట్లో ఒకదాని మూత మీద అరచెయ్యి వేసి, “ఇది తీస్కపోండ్రి,” అనేవాడు. కొనడానికి వచ్చిన ఇంటివాళ్లంతా ఆ చెయ్యి వైపే చూస్తూ ఉండేవాళ్లు. ఆ చెయ్యి పడ్డాక ఇంకెవరూ రెండో మాట అడిగేవాళ్లు కాదు.

ఆ పిల్లను ఆయన దగ్గరికి తీసుకుపోయింది నేనే.

మా బడిలోనే చదివిన పిల్ల. తల్లిదండ్రులు పుణె వైపు కట్టడాల పనికి పోయి, పంటల కాలానికి ఊరికి వచ్చేవాళ్లు. పిల్లా, చెల్లెలూ నాయనమ్మ దగ్గర పెరిగారు. ఆదివారం చర్చిలో పాటలు పాడేది, గొంతు బాగుండేది. వనపర్తిలో డిగ్రీ అయిపోయాక ఒక కంపెనీ ఇంటి దగ్గర నుంచే చేసే ఉద్యోగాలకు ఆన్‌లైన్ పరీక్ష పెడుతుందని తెలిసింది. పరీక్షకూ, ఉద్యోగం వస్తే దానికీ సొంత లాప్‌టాప్ ఉండాలన్నారు. తల్లిదండ్రులు పుణె నుంచి డబ్బు పంపారు. మంచిది చూసి పెట్టండి మేడం అని ఆ పిల్ల నా దగ్గరికొస్తే, నాకంటే బాగా చూసేవాడున్నాడని సార్‌కు అప్పగించాను.

ఆ ఆదివారం ముగ్గురం గద్వాల పోయాం. దుకాణమంతా వెతికి సార్ రెండింటిని మిగిల్చాడు. ధర దాదాపు ఒకటే. ఒకటి బూడిదరంగు లోహంతో చేసింది. సన్నగా, నునుపుగా ఉంది. తెర వెలుగు కళ్లకు హాయిగా ఉంది, పని చకచకా చేస్తుంది, మెమరీ పెంచుకోవచ్చు. రెండోది నల్ల ప్లాస్టిక్‌ది. మందం ఎక్కువ, తెర మసక, ఏదైనా తెరవాలంటే ఒక క్షణం ఆలోచించుకునేది. ప్లగ్గు తీసేసినా పూటంతా నడుస్తుంది, దాని గొప్ప అదొక్కటే. బూడిదరంగుదాని బ్యాటరీ అందులో సగం కూడా రాదు.

సార్ తన పరీక్షలన్నీ పెట్టాడు. బూడిదరంగుది ఒక్కోటీ నెగ్గుతుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. అంత మంచి యంత్రం ఆ ధరకు చాలా రోజులుగా దొరకలేదన్నాడు. ఆ పిల్ల దూరంగా నిలబడి చూస్తోంది. ఆయన చాయ్‌కి బయల్దేరబోతుంటే మెల్లగా అడిగింది.

“సార్, కరెంటు పోతే ఎంతసేపు ఉంటది?”

సార్ మెడ వంచి విన్నాడు. నవ్వాడు. “ఇంట్ల కూసోని జేసే పనికి గదెందుకు బిడ్డా. పక్కన ప్లగ్గు ఉంటది గదా,” అన్నాడు.

ఆ పిల్ల సరేనన్నట్టు తలూపింది. సార్ చాయ్ తాగి వచ్చి బూడిదరంగుదాని మూత మీద చెయ్యి వేశాడు.

ఆ ప్రశ్న నేనూ విన్నాను. ఆ పిల్ల ఇల్లు ఆయనకు తెలియదు, నాకు తెలుసు. పిల్లల్ని చేర్పించే బడిబాటకు ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని నీళ్లు తాగాను. ఆ వాడకు కరెంటు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో తెలుసు. అయినా అప్పుడు నాకు అది తట్టలేదు. ఆయన చెయ్యి పడింది, పని అయిపోయింది అనుకున్నాను. బస్సులో ఆ పిల్ల పెట్టెను ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ దాని మీద చెయ్యి వేసి చూసుకోవడం గుర్తుంది.

పరీక్ష రోజు పొద్దున ఆకాశం తేటగా ఉందట. నెట్ ఫోన్ నుంచి తీసుకుని, తలుపు వేసుకుని కూర్చుంది. మొదలుపెట్టిన కాసేపటికే గాలిదుమారం లేచి ఊరి బయట తీగలు తెగాయి. కరెంటు పోయింది. పరీక్ష మధ్యలో ఆపడానికి వీల్లేదు. వచ్చినన్ని ప్రశ్నలు త్వరత్వరగా రాస్తూనే, తెర మూలన బ్యాటరీ తగ్గిపోవడం చూసిందట. ఇంకా సగం పరీక్ష ఉండగానే తెర నల్లబడింది. లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకుని వానలో బజారు దాకా పరుగెత్తింది, అక్కడా కరెంటు లేదు. కంపెనీకి మెయిల్ పెడితే ఒకరికి ఒక్కసారే అవకాశమని జవాబొచ్చింది.

ఆ పిల్ల ఫోన్ చేసి నాకు చెప్పింది. ఏడవలేదు. సార్‌కు చెప్పొద్దు మేడం, బాధపడతాడు అంది. నేను చెప్పకుండా ఉండలేకపోయాను.

బడికి ఎండాకాలం సెలవులు. వనపర్తిలో సార్ ఇంటికి పోయి చెప్పాను. సార్ మంచం మీద కూర్చుని విన్నాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చి పెట్టింది. ఆయన గ్లాసు ముట్టలేదు. “ఆ పిల్ల అడిగింది మేడం,” అన్నాడు. ఆ ఇల్లు తెలిసినదాన్ని నేను, చెప్పాల్సింది నేనే అన్నాను. తప్పులో నాకూ వాటా ఉందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “మిమ్మల్ని అడగలే. నన్ను అడిగింది.”

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ పిల్ల ఇంటికి పోయాడు. రేకుల గది. మూలన బియ్యం డబ్బా, గోడకు శిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు. గదంతటికీ ఒకటే ప్లగ్గు, దానికి ఫ్యాను తగిలించి ఉంది. లాప్‌టాప్ పెట్టుకున్నప్పుడు ఫ్యాను తీసేసేదట. యాడ కూసున్నవో చూపియ్యి బిడ్డా అన్నాడు సార్. ఆ పిల్ల చాప పరిచింది. ఆయన చెప్పులు విడిచి, ఆ చాప మీద, గోడకు ఆనుకుని, ఆ పిల్ల కూర్చున్న చోటే కూర్చున్నాడు. లాప్‌టాప్ తెప్పించుకుని ఒళ్లో పెట్టుకుని తెరిచాడు. ప్లగ్గు పెట్టనివ్వలేదు. ఏం చేస్తున్నాడో మాకు తెలియలేదు.

ఆయన ఏమీ చెయ్యలేదు. తెర మూలన బ్యాటరీ అంకెను చూస్తూ కూర్చున్నాడు, అంతే. రేకుల వేడికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నాయనమ్మ మజ్జిగ తెచ్చింది. మా కాడ కరెంటు గట్లనే పోతది సారూ, దానికి నువ్వేం జేస్తవ్ అని ఆమె అంటూనే ఉంది. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఈ పెద్దమనిషికేమైందోనని చూస్తోంది. బ్యాటరీ అయిపోయి తెర నల్లబడేదాకా ఆయన అక్కడి నుంచి లేవలేదు. నల్లబడ్డాక కూడా కొంతసేపు దాన్నే చూశాడు. అప్పుడు మూత మూసి, ఆ పిల్లకు రెండు చేతులతో ఇచ్చాడు.

“బిడ్డా, నువ్వు సరిగ్గనే అడిగినవ్. నేను ఇనలే.”

“గాలివాన మీరు తెచ్చిండ్రా సార్,” అంది ఆ పిల్ల. నవ్వించాలనే అంది.

“గాలివాన నేను తేలే. బ్యాటరీ నేను తెచ్చిన,” అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన తీరు మారింది. లాప్‌టాప్ కావాలని ఎవరొచ్చినా ముందు వాళ్లింటికి పోవాలనేవాడు. పోయి, పిల్లలు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చునేవాడు. ప్లగ్గు ఎక్కడుందో, కిటికీ వెలుగు ఎటు నుంచి పడుతుందో, సంచిలో వేసుకుని బస్సెక్కేది ఎవరో, ఇంట్లో ఇంకెవరు వాడతారో అడిగేవాడు. గద్వాలలో మెకానిక్ షెడ్డు నడిపే ఒకాయన తన బిడ్డ కోసం అడిగితే, షెడ్డు వెనక వాళ్లింట్లో ఒక పూటంతా కూర్చున్నాడు. దుమ్ము ఎంత పడుతుందో చూడాలన్నాడు. అయిజలో ఒక విత్తనాల వ్యాపారి ఇంట్లో ఇన్వర్టరు, ఏసీ, పిల్లాడికి విడిగా గది అన్నీ ఉన్నా, అక్కడా కూర్చున్నాడు. జనానికి నవ్వు వచ్చేది. సార్ పెళ్లిచూపులకు వచ్చినట్టు వస్తున్నాడనీ, లడ్డూలు కూడా చేసి పెట్టాలేమోననీ అనుకునేవాళ్లు. కొందరు విసిగిపోయి అడగడం మానేశారు. ఆయన చాయ్ తాగి వచ్చి మూత మీద చెయ్యి వెయ్యడం కూడా మానేశాడు. రెండింటి గుణాలూ చెప్పి, మీ ఇల్లు మీకు తెలుసు, మీరే తీసుకోండి అనేవాడు.

ఆ పిల్ల సంగతి ఆయన నన్ను అడగని నెల లేదు. మరో రెండు కంపెనీల పరీక్షలు వనపర్తిలో స్నేహితురాలి గదిలో కూర్చుని రాసింది. రాలేదు. ఆ తర్వాత తల్లికి ఒంట్లో బాగాలేదని పుణె పోయి కొన్నాళ్లు వాళ్లతోపాటు పనిలోకి దిగింది. కొన్నాళ్లకు ఫోన్ నంబరు మారింది, నాకూ కబురు లేదు. అయినా ఆయన అడిగినప్పుడల్లా బాగానే ఉంది సార్ అనేదాన్ని. నా ముఖం వంక చూసి, నమ్మినట్టు తలూపేవాడు. ఆ తలూపడం చూడలేక నేను ఏదో పనున్నట్టు లేచిపోయేదాన్ని.

ఆయన రిటైరయ్యాక, పోయేముందు ఏడాది, ఆ పిల్ల వనపర్తిలో ఆయన ఇంటికి వచ్చింది. వెంట చెల్లెలు. సార్ నాకు ఫోన్ చేసి పిలిపించాడు. ఒక్కడే ఎదుర్కోలేకపోయాడనుకుంటాను. అక్క అప్పటికి గద్వాలలో పత్తి విత్తనాల గోదాములో సరుకు లెక్క చూసే పని చేస్తోంది. ఎండకు నల్లబడింది, గొంతు కొంచెం బొంగురుపోయింది. చెల్లెలికి నాగర్‌కర్నూలులో సీటొచ్చింది, హాస్టల్లో ఉండి చదువుకోవాలి. లాప్‌టాప్ సార్ చూసి పెట్టాలి.

సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “నన్ను అడగకు బిడ్డా. ఇంకెవర్నన్న అడుగు,” అన్నాడు.

“అందరిండ్లల్ల కూసోని చూస్తుండ్రంట గద సార్. మా చెల్లె యాడ కూసుంటదో గూడ చూడుండ్రి,” అంది ఆ పిల్ల.

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుని, హాస్టలు ఎక్కడుందో అడిగాడు. మరో రెండు రోజులకు నన్ను తీసుకుని నాగర్‌కర్నూలు హాస్టలుకు బయల్దేరాడు. ఆడపిల్లల హాస్టలు, మగవాళ్లను లోపలికి రానివ్వరు. నేను లోపలికి పోయి చూసి వచ్చాను. ఆయన గేటు దగ్గరే వేపచెట్టు కింద నిలబడి, నేను వచ్చాక ఒక్కొక్కటీ అడిగాడు. గదికి ఎందరు, మంచాలు ఎట్లా వేశారు, ప్లగ్గు బోర్డు ఎక్కడుంది, రాత్రి దీపాలు ఎప్పుడు తీసేస్తారు, తాళం వేసుకునే అలమర ఉందా. బోర్డు తలుపు దగ్గరుందనీ, కొత్త పిల్లలకు గోడ వైపు మంచాలు ఇస్తారనీ చెప్పాను. నా మాట మీద తృప్తి కలగలేదు. బయటికి వస్తున్న ఇద్దరు పిల్లలను ఆపి మళ్లీ అవే అడిగాడు.

ఆ ఆదివారం నలుగురం గద్వాల పోయాం. అదే దుకాణం. సార్ ఈసారి బల్ల దగ్గరికి రాలేదు. మూతలు ఎత్తలేదు, చెవి ఆనించలేదు. దుకాణాయన ఆశ్చర్యంగా చూస్తుంటే, రెండు లాప్‌టాప్‌లు చెల్లెలి ముందు పెట్టమన్నాడు. “నువ్వు అడుగు బిడ్డా. ఏదన్న అడుగు. పెద్దదో చిన్నదో అనుకోకు,” అన్నాడు. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ బరువు అడిగింది, బ్యాటరీ అడిగింది. ప్రతి ప్రశ్నకూ సార్ దుకాణాయన వైపు తిరిగి, సరైన జవాబు వచ్చేదాకా ఊరుకోలేదు. చివరికి ఆ అమ్మాయి చార్జరు తీగ ఎంత పొడుగుంటదని అడిగింది. తలుపు దగ్గరి బోర్డు నుంచి గోడ వైపు మంచం దాకా అందాలి కదా.

సార్ ఒక్క క్షణం ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఈ మాట తనకు తట్టలేదన్నాడు. రెండు చార్జర్లూ విప్పించి దుకాణం నేల మీద పక్కపక్కన పరిపించాడు. ఒకటి మూరెడు పొడుగు తేలింది. మూత మీద చెయ్యి వేసింది ఈసారి ఆ అమ్మాయే.

తిరుగు బస్సులో రద్దీ లేదు. చెల్లెలు కిటికీ పక్కన పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పక్కన నేను. మా ముందు సీట్లో సార్, ఆ పిల్ల. బస్సు ఎర్రవల్లి చౌరస్తా దాటింది. బీచుపల్లి వంతెన మీదికి వచ్చాక కృష్ణ కనిపించింది. నీళ్లు అడుగంటి బండలు తేలి ఉన్నాయి. అప్పుడు సార్ అన్నాడు.

“నీకు గూడ గిట్లనే చూసి తీస్కుంటే బాగుండు బిడ్డా.”

ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పింది. ఎప్పటి నుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టుంది. “ఆ పరీక్ష నేను పాసయ్యేదాన్నో లేదో ఎవరికి తెల్సు సార్. నాకంటె గట్టోళ్లు మస్తుమంది రాసిండ్రు. కరెంటు ఉన్నా ఉద్యోగం రాకపోవునేమో.”

“అదే గద,” అన్నాడు సార్. “వచ్చేదో రాకపోయేదో నీకు తెల్వకుండ జేసిన.”

ఆ పిల్ల కిటికీ వైపు తిరిగింది. వంతెన అయిపోయింది, పొలాలు వచ్చాయి. నేను వెనక నుంచి ఆమె చెవి కమ్మ బస్సు కుదుపుకు ఊగడం చూస్తూ ఉన్నాను.

“తెల్వకపోవుడే మంచిగయింది సార్,” అంది చివరికి. “ఒక్కోనాడు, వచ్చేదే అనుకుంట.”

ఆమె ఓదార్చడానికే అంది. అందులో దెప్పిపొడుపు రవ్వంత కూడా లేదు. సార్ మెడ వంచి విన్నాడు. ఈసారి నిజంగానే విన్నాడు, ఆ సంగతి వెనక నుంచి కూడా తెలుస్తోంది. ఆయన ముఖం నాకు కనబడలేదు, సీట్ల సందులోంచి చేతులు మాత్రం కనబడ్డాయి. ఒకదాని మీద ఒకటి వేసుకుని మోకాళ్ల మీద కదలకుండా పెట్టుకున్నాడు.

పెబ్బేరులో మేం ముగ్గురం దిగాలి, ఆయన వనపర్తి దాకా పోవాలి. ఆ పిల్ల దిగడానికి మోకాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. చెల్లెలు దండం పెడితే ఆమె నెత్తి మీద చెయ్యి ఉంచాడు. ఆ పిల్ల పోయొస్త సార్ అంటే తలూపాడు. చివరగా నేను ఆయన సీటు దాటబోతుంటే నా కొంగు పట్టి ఆపినంత పని చేసి, గొంతు తగ్గించి అన్నాడు.

“‘ఒక్కోనాడు’ అంటున్నది మేడం. మిగిలిన దినాలల్ల ఏమనుకుంటది?”

కండక్టరు తొందర పెట్టాడు. నేను దిగాను. బస్సు వనపర్తి రోడ్డుకు మళ్లేదాకా, ఆయన కిటికీలోంచి నా జవాబు కోసమే చూస్తూనే ఉన్నాడు.